కండ్లద్దాలు ఎవరి దగ్గర చేయించుకోవాలె?



కన్ను పాఠం పదో తరగతి సైన్సులో ఉంటది. నాకు తొమ్మిదిలోనే నేర్చుకోవలసి వచ్చింది. ఎట్లనో రాస్తున్న.

నేను బోర్డు మీది 8 ని 3 అని రాసుకొని లెక్కలన్నీ తప్పు చేసేదాన్ని. ధ్యాస లేదని తిట్లు పడ్డయి. నాకు కూడ నిజంగనే ధ్యాస లేదేమో అనిపించింది. ఎందుకంటే పుస్తకం మంచిగనే కనిపించేది. మా ఇంట్ల బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. మా గూడెంల ముసలోళ్లకే కండ్లు మసకబడుతయి అనుకుంటరు. 2023లో కంటి వెలుగు శిబిరంల మా తాతకు అద్దాలు ఇచ్చిన్రు. పిల్లలకు కూడ కండ్లు సరిగ కనపడవని అప్పుడు మాకు తోచలేదు.

సెలవులకు పోయినప్పుడు నాయిన నన్ను అంగడి రోజు ఒక అద్దాల షాపుకు తీసుకపోయిండు. పత్తి ఏరిన కూలి పైసలు 600 ఇచ్చిండు. షాపాయన మిషిన్ల కండ్లు పెట్టుమన్నడు, రెండు నిమిషాలల్ల అయిపోయింది. ఒక కన్ను మూసి చదివించలేదు. కాయితం ఇయ్యలేదు. అద్దాలు పెట్టుకుంటే బోర్డు కనిపించింది గని, సాయంత్రానికి తలనొప్పి, మెట్లు దిగుతుంటే నేల ఎక్కడనో లోతుల ఉన్నట్టు. "అలవాటు అయితది" అన్నరు అందరు. రెండు నెలలు ఓర్చుకున్న. పైసలు నాయినవి గదా, పారేయబుద్ధి కాలేదు.

తర్వాత వార్డెన్ మేడం మమ్మల్ని నలుగురిని పెద్దపల్లి సర్కారు దవాఖానకు తోలుకపోయింది. పరీక్ష అంటే ఏందో అక్కడ చూసిన. ముందు 6 మీటర్ల దూరంల బోర్డు. దాని మీద పైన పెద్ద అక్షరం, కిందికి పోను చిన్నగ. ఈ బోర్డును హాలండు దేశపు డాక్టరు స్నెల్లెన్ 1862లో తయారు చేసినాడు. చదువు రానివాళ్లకు ఇంగ్లీషు 'ఈ' అక్షరం అటు ఇటు తిప్పి ఉంటది, చేతితో దిక్కు చూపిస్తే చాలు. 6/60 అంటే మంచి కన్ను 60 మీటర్ల నుంచి చూసేదాన్ని మనం 6 మీటర్లకు వస్తేనే చూస్తున్నమని అర్థం. ఒక్కొక్క కన్ను మూసి వేరేగా చదివించిన్రు. నా ఎడమ కన్ను ఇంత మసక అని నాకు ఆ రోజే తెలిసింది!

కంట్ల చుక్కలు కూడ వేసిన్రు. ఎందుకంటే మన వయసు పిల్లల కన్ను, దగ్గరిది చూడటానికి లోపలి కటకాన్ని గట్టిగ బిగబట్టగలదు. మిషిన్ల చూసేటప్పుడు గట్లనే బిగబడితే లేని మైనస్ ఉన్నట్టు వస్తది. చుక్కలు ఆ బిగువును వదులు చేస్తయి. కొన్ని గంటలు అక్షరాలు మసక, ఎండల కండ్లు తెరవలేము, భయపడొద్దు. మూడు రోజులకు మళ్ల పిలిచి, ఖాళీ ఫ్రేములో ఒక్కొక్క అద్దం మార్చి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగి, వరండాల నడిపించి చూసిన్రు.

నాకు కుడికి మైనస్ 1, ఎడమకు మైనస్ 2. మైనస్ 2 అంటే అద్దాలు లేకుండ అర మీటరు దాకనే స్పష్టంగ కనిపిస్తది. అందుకే పుస్తకం కనిపించేది, బోర్డు కనిపించేది కాదు. షాపు అద్దాలను కొలిచి చూస్తే రెండు దిక్కుల మైనస్ 3 ఉన్నది. ఎక్కువ మైనస్ పెట్టినా చిన్న పిల్లల కన్ను బిగబట్టి చూస్తది, అందుకే బోర్డు కనిపించింది. కన్ను పొద్దంతా పని చేసుడు వల్ల తలనొప్పి. బాగా కనిపిస్తుంది గదా అని మోసపోయేది ఇక్కడనే.

కాబట్టి మీరు ఎక్కడికి పోయినా, పరీక్ష చేసే మనిషి ఏం చదివిండో అడగండి. అడుగుతే తప్పు లేదు. కండ్ల డాక్టరు వేరు, ఆప్టోమెట్రిస్టు వేరు, అద్దాలు అమ్మే ఆయన వేరు. ఒకే షాపుల మంచి ఆప్టోమెట్రిస్టు కూడ ఉండొచ్చు, అన్ని షాపులు చెడ్డవని నేను అనను. రెండు కండ్లకు నంబర్లు రాసిన కాయితం ఇయ్యాలె, ఇయ్యనంటే లేచి రండి. రెండు కనుపాపల నడుమ దూరం కొలవకుండ అద్దాలు బిగించనియ్యొద్దు. కన్ను నొప్పి, ఎరుపు, మెల్ల, నల్లగుడ్డు మీద తెల్లపూత ఉంటే షాపుకు కాదు, డాక్టరు దగ్గరికే. రేచీకటికి కూడ అద్దాలు పనిచేయవు.

పెద్ద పట్నం, పెద్ద బిల్డింగే కావాలని కూడ లేదు. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో 1996లోనే ఆసుపత్రి పెట్టిన్రు. తర్వాత ఇంటర్ చదివిన ఊరి పిల్లలకే ఏడాది శిక్షణ ఇచ్చి పల్లెలల్ల విజన్ సెంటర్లు నడిపిస్తున్నరు. ఇది తెలిసినంక నాకు ఒక ఆశ పుట్టింది, ఇప్పుడే రాయను.

అద్దాలు వచ్చినంక మీరే ఒకటి చూసుకోవచ్చు. అద్దాన్ని అక్షరాల పైన పట్టుకొని మెల్లగ కుడికి జరపండి. అక్షరాలు కూడ కుడికే జరిగితే మైనస్, ఎదురు జరిగితే ప్లస్. నా పాత అద్దాలు పెట్టెల ఉన్నయి. చూడాలంటే స్టడీ అవర్ అయినంక మా రూముకు రండి. పెట్టుకొని తిరుగుడు మాత్రం లేదు.

– 9వ తరగతి విద్యార్థిని