మీరు పడుకున్నాక నడిచే పని ఎవరి పేరు మీద?

పొద్దున్నే షేర్డ్ ఫోల్డర్ తెరవడం, నిన్నటి ఫైళ్లు కాపీ చేయడం, ఎక్సెల్ రిఫ్రెష్ కొట్టి మేనేజరుకు మెయిల్ పెట్టడం. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఎన్నో డెస్కుల దగ్గర ఇదే సుప్రభాతం. విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్‌కి అప్పజెబితే మనం లేకుండానే అయిపోతుంది. అప్పజెప్పొచ్చా అన్నదే చిక్కు.

విండోస్‌తో పాటే వచ్చింది కదా, మళ్లీ పర్మిషన్ ఎందుకు?

షెడ్యూలర్ విండోస్‌తో వచ్చింది, ల్యాప్‌టాప్ కంపెనీది. ఐటీ చట్టం, 2000లోని 43వ సెక్షన్ మొదట అడిగేది యజమాని అనుమతి ఉందా అనే. అది లేకుండా సిస్టమ్‌లోకి వెళ్లినా, డేటా కాపీ చేసినా నష్టపరిహారం కట్టాలి. అదే మోసపు ఉద్దేశంతో చేస్తే 66వ సెక్షన్: మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. రోజూ మీరు చేత్తో తెరిచే ఫైలునే షెడ్యూలర్ తెరిస్తే పెద్దగా భయం లేదు. అయినా చేరిన రోజు చదవకుండా ఒప్పుకున్న పాలసీలో స్క్రిప్టుల సంగతి ఏముందో ఇప్పుడైనా చూడండి. మేనేజరు నోటిమాటను ఒక లైను మెయిల్‌గా మార్చుకోండి.

మా లీడ్ పాస్‌వర్డ్‌తో పెట్టొచ్చా? ఆయనే ఇచ్చారు.

వద్దు. యూజర్ లాగిన్ అయి ఉన్నా లేకున్నా నడవాలన్న ఆప్షన్ ఎంచుకుంటే విండోస్ పాస్‌వర్డ్ అడిగి దాచుకుంటుంది. ఆ తర్వాత ఆ టాస్క్ ఏం చేసినా లాగుల్లో పడేది ఆ అకౌంట్ పేరే. రాత్రి రెండింటికి ఫైళ్లు ఎగిరిపోతే, ఆయన గుర్రు పెట్టి నిద్రపోతున్నా చెరిపింది ఆయనే అంటుంది రికార్డు. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసంతో వాడటం 66సి సెక్షన్ కింద నేరం. ఇష్టపడి ఇచ్చారు కాబట్టి మోసం లేదని వాదించొచ్చు. కానీ వాదించాల్సిన రోజు రాకూడదు. ఇలాంటి వాటికే సర్వీస్ అకౌంట్ ఉంటుంది: ఆ పనికి ఎంత యాక్సెస్ కావాలో అంతే ఉన్న అకౌంట్. టికెట్ వేయండి. అది తెమిలేదెప్పుడన్నది వేరే కథ. సొంత అకౌంట్‌తో పెట్టినా, పాస్‌వర్డ్ మార్చాక టాస్క్‌లోనూ మార్చకపోతే అక్కడితో ఆగిపోతుంది.

లాగులు చెరిపేస్తే?

చెరపకండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు వాటిని 180 రోజులు ఉంచాలి.

రిపోర్టు ఆలస్యమైతే తప్పెవరిది?

న్యూయార్క్ టైము ఉదయం 8కి ఇస్తామని ఒప్పుకుంటే మనకు చలికాలంలో సాయంత్రం 6:30, మార్చి నుంచి నవంబరు దాకా 5:30. మన గడియారం కదలదు, వాళ్లది కదులుతుంది. టాస్క్‌ను మన టైముకే వదిలేస్తే, మార్చి రెండో ఆదివారం తర్వాతి సోమవారం గంట ఆలస్యంతో ఎస్కలేషన్ ఖాయం. లినక్స్ సర్వర్ యూటీసీలో ఉంటే అక్కడి షెడ్యూలర్ క్రాన్‌లో రాసిన ఉదయం 9 గంటలు మనకు మధ్యాహ్నం 2:30. ఇక స్లీప్‌లో పడ్డ ల్యాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని రాయదుర్గంలో మెట్రో ఎక్కేశారంటే సాధారణంగా ఏదీ నడవదు. ఇవన్నీ కంప్యూటర్ తప్పులని క్లయింటు ఒప్పుకోడు.

స్క్రిప్టు నేను రాశాను, నాదే కదా?

కాదు. కాపీరైట్ చట్టం, 1957 దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచనే. మీ బ్యాచ్ ఫైలు నవలల సరసన కూర్చుంటుంది! కానీ ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, 17వ సెక్షన్ ప్రకారం తొలి యజమాని కంపెనీయే.

టీమ్స్‌లో పచ్చచుక్క ఆరకుండా ఒక టాస్క్ పెడితే?

పెట్టకండి. 2024లో అమెరికా బ్యాంకు వెల్స్ ఫార్గో, కీబోర్డు వాడుతున్నట్టు నటించారన్న ఆరోపణపై డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది.

రెండు గంటల పని రెండు నిమిషాల్లో అయితే టైమ్‌షీట్‌లో ఏం రాయాలి?

గంటల లెక్కన క్లయింటుకు బిల్లు వెళ్తుంటే రెండు నిమిషాలే. తీరిక దొరికిందని తెలిస్తే ఇంకో పని అంటగడతారన్న భయం న్యాయమైనదే. మిగిలిన టైముకు ఏం నేర్చుకుంటారో, ఏం చేస్తారో ముందే మీరే అడిగి తీసుకోండి.

రాజీనామా చేశాను. టాస్కుల సంగతి?

మీ అకౌంట్ మూసేశాక దాని పేరు మీద ఉన్నవీ ఆగుతాయి. వెళ్లాక పేలేలా ఏదైనా పెట్టి వెళ్లడం నేరం, అందులో అనుమానం లేదు. షెడ్యూలర్‌లోనే ఎక్స్‌పోర్ట్ ఉంది. టాస్క్ మొత్తం ఒక చిన్న ఫైలుగా వస్తుంది. దాన్ని కేటీ (పని అప్పగింత) ఫోల్డర్‌లో పెట్టి, ఎన్నింటికి నడుస్తుందో, ఆగితే ఎవరికి చెప్పాలో పక్కన రాసి, అకౌంట్ గడిలో మీ పేరు తీయించాకే ఐడీ కార్డు ఇచ్చేయండి.