ప్రశ్నలు - జవాబులు: రేడియేషన్ దగ్గర ఆడపిల్లా?

ప్రశ్న: డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివాను. ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్‌లో చేరొచ్చా?
- ఒక విద్యార్థి, నర్సీపట్నం

జవాబు: వీల్లేదు. డిగ్రీలో ఫిజిక్స్ ప్రధాన సబ్జెక్టుగా ఉండాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ పాసైంది. ముంబైలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ల రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమాకి వెళ్తానంటోంది. రోజూ రేడియేషన్ దగ్గర పని. రేపు పెళ్లి, పిల్లలు... వాళ్లమ్మ ఒకటే ఏడుపు. ఏం చెప్పమంటారు?
- ఒక తండ్రి, యలమంచిలి

జవాబు: కొడుకు గురించి ఈ భయంతో నాకు ఒక్క తండ్రీ ఇంతవరకు రాయలేదు. అందుకే కాస్త గట్టిగానే చెబుతాను.

రేడియోథెరపీ గదికి మీటరు దాటిన మందంతో కాంక్రీటు గోడ కడతారు. కిరణం పడేటప్పుడు లోపల రోగి తప్ప ఎవరూ ఉండరు. మీ అమ్మాయి ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది. మూడు నెలలకోసారి దాన్ని పంపి, ఒంటికి ఎంత సోకిందో లెక్క తీస్తారు. అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు. ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. గర్భవతినని చెప్పాక, కడుపులో బిడ్డకు మిగిలిన నెలలన్నిటికీ కలిపి 1 మాత్రమే. ఇంత లెక్కగా మనిషిని కాపాడే ఉద్యోగాలు ఎన్నున్నాయి?

మీరు అడగనిది కూడా చెబుతాను: ఆ ఉద్యోగంలో చేసే పనేమిటో. పొద్దున్నే, మొదటి రోగి రాకముందే ఫిజిసిస్టు కిరణాన్ని కొలిచే అయాన్ ఛాంబర్‌ను బల్ల మీద అమర్చి, గదిలో వేడి, గాలి ఒత్తిడి రాసుకుంటుంది. ఛాంబర్‌లోని గాలి పలచబడినా చిక్కబడినా రీడింగు మారిపోతుంది మరి. తలుపు మూసి, బయటి నుంచి బీమ్ వేసి అంకె చూస్తుంది. 3 శాతం మించి తేడా వస్తే, అది సరిదిద్దేదాకా ఎవరినీ ఆ బల్ల ఎక్కించరు. రోజుకు 2 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) చొప్పున 25 రోజులు అని డాక్టరు రాస్తారు. ఆ రెండు నిజంగా రెండేనని పూచీ పడేది ఈ అమ్మాయే. హైవే ఎక్కి అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి ఒకసారి వెళ్లండి. వంతు కోసం కూర్చున్నవాళ్ల ముఖాలు చూసి వచ్చాక అమ్మాయికి జవాబు చెప్పండి.

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయింది. ఇంట్లో కూర్చుని చదివే మెడికల్ ఫిజిక్స్ సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. ఉద్యోగం వస్తుందా?
- ఒక యువకుడు, అనకాపల్లి

జవాబు: రాదు. మీరు ఏడాది డిప్లొమా చేయాలి; బార్క్‌లో అది 1962 నుంచి ఉంది. బీఎస్సీ వాళ్లయితే ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్. ఎలా చదివినా రేడియోథెరపీ విభాగంలో 12 నెలల ఇంటర్న్‌షిప్ తప్పదు. ఎందుకంటారా? 2000-01లో పనామాలో ప్లానింగ్ కంప్యూటరుకు వివరాలు ఇచ్చిన తీరులో పొరపాటు జరిగింది. కిరణం ఎంతసేపు వేయాలో అది చూపిన సమయాన్ని చేత్తో లెక్కవేసి సరిచూసినవారు లేరు. 28 మంది రోగులకు మోతాదు మించి పడింది. సరిచూసే అలవాటు మెషీను పక్కన నిలబడితేనే వస్తుంది. అణుశక్తి నియంత్రణ మండలి గుర్తింపు జాబితాలో లేని కోర్సుకు ఒక్క రూపాయి కూడా కట్టకండి.