పిల్లలు బ్రిటనీ కుక్క కావాలంటున్నారా?

చెల్లీ, అమెరికా ఇంట్లో పిల్లలు కుక్కపిల్ల కోసం అన్నం మానేసి కూర్చున్నారనీ, ఫొటోలు చూసి బ్రిటనీ మీద మనసు పడ్డారనీ రాశావు. పడరూ మరి! తెల్లటి ఒంటి మీద నారింజ రంగు మచ్చలు, వేలాడే చెవులు, ఎవరి వైపు చూసినా చుట్టరికం కలిపే కళ్ళు. ఎత్తు కూడా యాభై సెంటీమీటర్ల దరిదాపుల్లోనే. "చిన్నదేగా, ఇంట్లో ఓ మూల పడుంటుంది" అని మీ ఆయన అన్నాడని రాశావు చూడు, అక్కడే నా గుండె గుభేలుమంది. ఆ మాట మీద మాత్రం కుక్కని తెచ్చుకోకండమ్మా.

దాని పుట్టిల్లు ఫ్రాన్స్‌కి పడమటి కొసన, సముద్రంలోకి చొచ్చుకుపోయిన బ్రిటనీ ప్రాంతం. ముళ్ళ పొదలు, చిత్తడి అడవులు. 1789 దాకా ఆ దేశంలో వేట దొరల హక్కు. విప్లవంతో అది పోయాక మామూలు రైతులు కూడా వేటకి వెళ్ళసాగారు. దొరల్లా పనికో కుక్కని మేపే తాహతు వాళ్ళకి లేదు. వాసన పట్టడం, పిట్టని చూపించడం, కొట్టాక నోట కరిచి తేవడం అన్నీ ఒక్కటే చెయ్యాలి. 1907లో లూడేయాక్‌లో ఈ జాతికి క్లబ్బు పెట్టేనాటికి ఇది అలా రాటుదేలిన పనికుక్క.

దాని పని ఎలా ఉంటుందో చెప్పాలని నాకెంత ఉబలాటమో! చలికాలంలో బ్రిటనీ అడవులకి వుడ్‌కాక్ అనే పొడుగుముక్కు పిట్ట వలస వస్తుంది. రాలిన ఆకుల రంగే దాని రంగు, కాలి ముందున్నా కనపడదు. వేటగాడు కుక్క మెడకో చిరుగంట కట్టి వదులుతాడు. పొదల్లో దూరిన కుక్క కంటికి ఆనదు, గంట మాత్రం గలగలమంటూ వినిపిస్తుంటుంది. ఉన్నట్టుండి గంట ఆగిపోతుంది. పిట్ట వాసన తగిలిందన్నమాట! ఒక్కోసారి ముందుకాలు గాల్లోకి ఎత్తి, ముక్కు పిట్ట వైపు చాచి, శిలలా నిలబడిపోతుంది. మీదికి దూకదు, మొరగదు. మనిషి వచ్చేదాకా అలాగే ఉంటుంది. ఎదురుగా పిట్ట ఉంటే ఆగి నిలబడాలన్న బుద్ధి దాని పుట్టుకలోనే ఉంది, శిక్షణ దానికి మెరుగు పెడుతుందంతే. రేపు మీ పెరట్లో పావురం వాలినా అదే భంగిమ చూస్తారు.

అందుకే రోజూ ఓ గంటకి తక్కువ కాకుండా పరుగు ఉండాలి. లీష్ పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొస్తే చాలదు. దాన్ని విచ్చలవిడిగా పరిగెత్తనివ్వాలి, అదీ కంచె ఉన్న చోట, ఎందుకంటే పిట్ట వాసన తగిలితే నీ పిలుపు దాని చెవికెక్కదు. పరుగు చాలని బ్రిటనీ సోఫాలు చింపుతుంది, తలుపులు గీకుతుంది. తప్పు దానిది కాదు. అయితే బాగా చిన్నప్పుడు మాత్రం ఎత్తుల మీంచి దూకించకండి, కీళ్ళింకా లేతగా ఉంటాయి.

ఒంట్లో అంత దుడుకున్నా మనసు మాత్రం వెన్నపూసే. గట్టిగా కసిరితే ముడుచుకుపోతుంది, మళ్ళీమళ్ళీ కసిరితే నిన్ను చూసి బెదురుతుంది. మెచ్చుకుని, చిన్న తినుబండారం పెట్టి నేర్పితే ఇట్టే పట్టేస్తుంది. ఒంటరితనమూ ఓర్చుకోలేదు. మీ ఇద్దరూ ఆఫీసుకి, పిల్లలు బడికి పోతే రోజంతా ఎవరుంటారో ముందు ఆలోచించుకోండి. నన్నడిగితే, దీనికి జవాబు దొరక్కపోతే మిగతా ఏదీ మాట్లాడుకోనక్కర్లేదు.

ఒళ్ళు చూసుకోవడం పెద్ద కష్టం కాదు. వారానికి ఒకట్రెండు సార్లు దువ్వితే చాలు. గడ్డిలో తిరిగొచ్చాక చెవులు, వేళ్ళ సందులు వెతకాలి. గడ్డిముళ్ళు చర్మంలోకి దిగితే చీము పడుతుంది, పిడుదులూ అక్కడే దాక్కుంటాయి. నీళ్ళలో ఆడితే చెవులు తడి లేకుండా తుడవాలి.

మన వంటింటి సంగతి మర్చిపోకు. పాయసంలోని కిస్మిస్ కుక్కల కిడ్నీల్ని పాడు చెయ్యగలదు, ఉల్లిపాయ రక్తకణాల్ని విరిచేస్తుంది. ఇంటికొచ్చిన చుట్టాలు ముద్దుకొద్దీ కూర కలిపిన ముద్ద పెట్టబోతే మొహమాటపడకుండా చెప్పెయ్.

తోక గురించి అడిగావు. కొన్ని పిల్లలు మొండితోకతోనే పుడతాయి, కొన్నిటికి పొడుగ్గానే ఉంటుంది. అందం కోసం కొయ్యడాన్ని చాలా దేశాలు నిషేధించాయి. కోయించని పిల్ల దొరికితే అదే తెచ్చుకోండి, సంతోషమొచ్చినప్పుడు ఊపుకోవడానికి తోకుండాలిగా!

ఇండియాకి వచ్చేసే ఆలోచనుంటే మాత్రం ఇప్పుడు తేవద్దు. చల్లటి అడవుల్లో పరిగెత్తాల్సిన దాన్ని మన మే నెల ఎండల్లో ఫ్లాట్‌లో పెట్టడానికి నా మనసొప్పదు.

బ్రీడర్ దగ్గరికి వెళితే తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే రిపోర్టులు అడుగు, ఆ వంశంలో మూర్ఛ ఉందేమో అడుగు. తల్లి కుక్కని చూపించమను. వంక పెట్టి చూపించకపోతే, పిల్లలు ఎంత ఏడ్చినా సరే, బయల్దేరి వచ్చెయ్యండి.