పొగను తెలుపు గంట

కొండపై పొగ కనబడినచో అచట నిప్పు కలదని మన తార్కికులు నిర్ణయించిరి. కాని మేలుకొనియున్నవానికే ఈ యూహ సాధ్యము. నిద్రించువానిని పొగవాసన లేపుననుట నమ్మరాదు. అగ్నిప్రమాదములందు మంటకంటె ముందు పొగయే పెక్కుర ప్రాణములు తీయును. కావున కేకవేసి లేపు కావలివాడు ఇంట నుండవలెను. అదియే స్మోక్ అలారము.

ఇందు ముఖ్యముగా రెండు విధములు కలవు. కాంతితో పనిచేయునది, నెమ్మదిగా రాజు నిప్పును ముందు పసిగట్టును. అమెరీషియం-241 గలది, ఎగసిపడు మంటను త్వరగా గుర్తించును. రెండును కలిసినది ఉత్తమము.

పొగ పైకెగయును గనుక దీనిని పైకప్పునకు బిగింపవలెను. ప్రతి పడకగదిలోను, దాని వెలుపలను, ప్రతి అంతస్తునందును ఒక్కొక్కటి యుండవలెను. పొయ్యికి 10 అడుగులైన దూరముండవలెను. లేనిచో పోపు పెట్టినప్పుడెల్ల మ్రోగును, విసిగినవారు బ్యాటరీ ఊడదీయుదురు, కావలివాడు మూగవాడగును.

బాలలారా! నెలకొకసారి మీట నొక్కి పరీక్షింపుడు. దుమ్ము తుడువుడు. మార్చదగిన బ్యాటరీని ఏటేట మార్పింపుడు. 10 ఏండ్లు నిండిన అలారమును తీసి క్రొత్తది పెట్టింపుడు. గంట మ్రోగినంతనే వస్తువులకై వెదకక, క్రిందుగా వంగి వెలుపలికి పోయి, 101కు తెలుపుడు. వస్తువులను మరల కొనవచ్చును, ప్రాణమును కొనలేము.