చుక్కల లెక్కతో స్కానింగు గదిలోకి

ఉస్మానియాలో ఖగోళశాస్త్రం చదివి, జాపాల్-రంగాపూర్‌లోని 48 అంగుళాల టెలిస్కోపు దగ్గర రాత్రులు మేలుకుని, ఆ తర్వాత ఉద్యోగమంతా వైద్య చిత్రాల మీద చేసినవాణ్ణి. దారి మారదామా అని అడిగే పరిశోధక విద్యార్థుల కోసం ఈ అయిదు మాటలు.

1. శాఖ పేరు కాదు, లెక్క చూడండి. 1950లలో రేడియో ఖగోళజ్ఞుడు రోనాల్డ్ బ్రేస్‌వెల్‌కు ఒక చిక్కు వచ్చింది. ఆనాటి యాంటెనా సూర్యుణ్ణి చుక్కచుక్కగా చూడలేదు. సన్నటి పట్టీ నుంచి వచ్చే తరంగాలన్నీ కలిపి ఒకే అంకె ఇస్తుంది. రకరకాల కోణాల్లో తీసిన పట్టీల నుంచి పూర్తి బొమ్మ ఎలా రాబట్టాలో ఆయన 1956లో రాశారు, 1967లో రిడిల్‌తో కలిసి దాన్ని సులువు చేశారు. సి.టి. స్కానులో తలలోంచి దూసుకుపోయే ఎక్స్‌రేదీ అదే తీరు. దారిలో తగిలిన ఎముకనూ మెదడునూ నెత్తురునూ కలిపి ఒక్క అంకె చెబుతుంది. 1971లో మన జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ ఈ తరహా లెక్కనే ఎక్స్‌రేల కోసం కట్టారు. సి.టి. చదివే ప్రతివాడూ వాళ్ళ పేరిట ఉన్న 'రామ్-లాక్' ఫిల్టర్‌ను దాటుకునే వెళ్ళాలి. సి.టి.కి ఇచ్చిన 1979 నోబెల్ మాత్రం కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్‌లకు దక్కింది. దాని మీద నాకు పేచీ లేదు. హౌన్స్‌ఫీల్డ్ యంత్రం కట్టి రోగిని పడుకోబెట్టి చూపించాడు, అది వేరే విద్య.

2. ఆకాశం దగ్గర పనికొచ్చిన ఓపిక ఆస్పత్రిలో పనికిరాదు. మసక నక్షత్రాన్ని నాలుగింతల సేపు చూస్తే, సిగ్నల్‌తో పోలిస్తే నాయిస్ సగానికి తగ్గుతుంది. సి.టి.లోనూ అదే సూత్రం. కానీ అక్కడ పోయేది మన నిద్ర, ఇక్కడ రోగి ఒంట్లోకి వెళ్ళేది నాలుగింతల రేడియేషన్. అందమైన బొమ్మ మీద మోజు వదులుకోండి. డాక్టరు అడిగినదానికి జవాబు దొరికితే గరుకు బొమ్మ చాలు, పసిపిల్లల విషయంలో మరీ.

3. ప్రోగ్రాం రాసేముందు కొన్నాళ్ళు రేడియాలజిస్టు పక్కన కూర్చోండి.

4. నక్షత్రం దగ్గరికి వెళ్ళి మన మాట నిజమో కాదో చూసొచ్చేవాళ్ళు లేరు. ఇక్కడ కణితి అన్నామంటే సర్జన్ కోస్తాడు, పెథాలజిస్టు స్లైడు మీద చూస్తాడు, వారంలో తేలిపోతుంది. మొదట్లో భయమేస్తుంది. నాకైతే తర్వాత అదే రుచించింది.

5. ఫలితం ఎప్పుడొస్తుందో చెప్పలేం. గాలి చెరిపేసే నక్షత్రం బొమ్మను అప్పటికప్పుడు సరిదిద్దవచ్చని హొరేస్ బాబ్‌కాక్ 1953లో ప్రతిపాదించాడు. అదే ఆలోచనతో కంటి వంకరలను సరిదిద్ది, బతికున్న మనిషి రెటీనాలో ఒక్కో కోన్ కణాన్ని రోచెస్టర్‌లో డేవిడ్ విలియమ్స్ బృందం చూసింది 1997లో. ప్రమోషన్ కమిటీలు అంతకాలం ఆగవు. పైగా అటు ఖగోళం వాళ్ళు మిమ్మల్ని డాక్టర్ల మనిషంటారు, ఇటు డాక్టర్లు లెక్కల మనిషంటారు. అందుకని ఉద్యోగం పర్మనెంటయ్యేదాకా సొంత శాఖ జర్నల్లో ఏడాదికో పేపరైనా వేస్తూ ఉండండి.