మబ్బులో దాచిన లెక్కలు

పిల్లలూ! విజయవాడ ఆటోనగర్ ఎప్పుడైనా చూశారా? ఒక వీధిలో లారీలకు బాడీలు కడుతుంటారు. ఇంకో వీధిలో లేతు మిషన్లు గిర్రున తిరుగుతుంటాయి. మరో వీధి నిండా బేరింగులు, కమాను కట్టలు, క్లచ్ ప్లేట్లు అమ్మే కొట్లు. సుత్తి దెబ్బల చప్పుడులో పక్కవాడి మాట కూడా వినబడదు. ఇంత ఇనుము ఉన్నచోట కొట్టు యజమానికి అన్నిటికంటే విలువైన వస్తువు ఏమిటో చెప్పగలరా? దానికి అసలు బరువే ఉండదు. అదే లెక్క!

ఎవరికి ఏ సరుకు ఇచ్చాం, ఎవరు ఎంత బాకీ, మనం ఎవరికి ఎంత ఇవ్వాలి అన్న లెక్క. లారీ యజమాని ఇవాళ సామాను పట్టుకెళ్లి, కిరాయి చేతికొచ్చాక డబ్బు కడతాడు. ఆ నమ్మకానికి సాక్ష్యం లెక్కే. పూర్వం దీన్ని చిట్టా, ఆవర్జా పుస్తకాలలో రాసేవారు. ఇప్పుడు కంప్యూటరులో రాస్తున్నారు.

ఆటోనగర్‌లో నా పూర్వ విద్యార్థి ఒకడికి స్పేరుపార్టుల కొట్టు ఉన్నది. ఇల్లు సింగ్‌నగర్‌లో. పగలు కొట్టులో రాసిన బిల్లులను రాత్రి ఇంట్లో భార్యాభర్తలిద్దరూ కూర్చుని కంప్యూటరులోకి ఎక్కించేవారు. అతడు జాగ్రత్తపరుడే. ప్రతి ఆదివారం లెక్కలన్నిటినీ ఒక విడి డిస్కులోకి నకలు తీసి, ఆ డిస్కును కంప్యూటరు బల్ల సొరుగులోనే పెట్టేవాడు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ఆటోనగర్‌లోని అతని కొట్టు గడప దాకా నీరు రాలేదు. ఇంట్లో మాత్రం బల్ల మునిగింది, సొరుగూ మునిగింది. కంప్యూటరూ, దాని నకలూ ఒకే నీటిలో రోజుల తరబడి నానాయి. ఆ తరువాత అతడు కాగితం, కలం పట్టుకుని ఖాతాదారుల దగ్గరకు వెళ్లాడు. చాలామంది తమ బాకీ తామే చెప్పి కట్టారు. కొందరు మాత్రం "లెక్క చూపించు, కడతాం" అన్నారు. చూపించడానికి ఏమున్నది?

ఆ తరువాత ఒకరోజు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ! అందరూ లెక్కలు క్లౌడ్‌లో పెట్టుకోమంటున్నారు. పెట్టవచ్చా? అక్కడా పోతే నా గతేమిటి?" అని అడిగాడు. మంచి ప్రశ్న. రండి, ఆ ప్రశ్నను మనమూ తక్కెడలో పెట్టి తూచి చూద్దాం.

మబ్బు ఆకాశంలో లేదు

క్లౌడ్ అంటే మబ్బు. అలాగని మన లెక్కలు ఆకాశంలో తేలుతూ ఉండవు. ఇంజనీర్లు నెట్‌వర్కుల పటాలు గీసేటప్పుడు, లోపలి వివరాలు అవసరం లేని భాగాన్ని మబ్బు బొమ్మగా గీసేవారు. పేరు అక్కడినుంచి వచ్చింది. నిజానికి అది నేలమీద కట్టిన పెద్ద భవనం. దాన్ని డేటా సెంటర్ అంటారు. అందులో వరుసలు వరుసలుగా కంప్యూటర్లు, డిస్కులు ఉంటాయి. అవి వేడెక్కకుండా చల్లబరిచే యంత్రాలు, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీలు, జనరేటర్లు ఉంటాయి. ధాన్యం దాచుకోవడానికి గోదాములో చోటు అద్దెకు తీసుకున్నట్లే, ఇక్కడ సమాచారం దాచుకోవడానికి చోటు అద్దెకు తీసుకుంటారు. ఇంటర్నెట్టే అక్కడికి దారి.

ఇవి ఎక్కడో విదేశాలలోనే ఉంటాయనుకోకండి. అమెజాన్ సంస్థ 2016లో ముంబయిలోనూ, 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతంలోనూ ఇటువంటి కేంద్రాల సముదాయాలను ప్రారంభించింది. విశాఖపట్నంలో పెద్ద కేంద్రం నిర్మిస్తామని గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించింది.

మూడు చీటీల కిటుకు

డిస్కు ఒక యంత్రం. డేటా సెంటర్‌లో ఉన్నా, బల్ల సొరుగులో ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు చెడిపోతుంది. మరి వేలకొద్దీ డిస్కులున్న చోట రోజూ కొన్ని చెడిపోతుంటే మన లెక్కలు ఎలా నిలుస్తాయి? ఒక చిన్న లెక్కతో చూద్దాం.

సోమవారం అమ్మకం 7 వేలు, మంగళవారం అమ్మకం 5 వేలు అనుకోండి. ఒక చీటీ మీద 7, రెండో చీటీ మీద 5, మూడో చీటీ మీద రెండింటి మొత్తం 12 రాయండి. మూడు చీటీలనూ ముగ్గురు స్నేహితులకు ఇవ్వండి. రెండో స్నేహితుడు చీటీ పారేసుకున్నాడు. ఫరవాలేదు! 12 లోంచి 7 తీసివేస్తే 5. మొదటివాడు పారేసుకుంటే 12 లోంచి 5 తీసివేయాలి. మూడోవాడు పారేసుకుంటే 7కు 5 కలపాలి. ఏ ఒక్క చీటీ పోయినా లెక్క నిలుస్తుంది. ప్రతి అంకెనూ రెండుసార్లు రాసి దాచాలంటే నాలుగు చీటీలు కావాలి. ఇక్కడ మూడే సరిపోయాయి.

క్లౌడ్ సంస్థలు ఒక్కొక్కప్పుడు సమాచారానికి పూర్తి నకళ్లు తీసి ఉంచుతాయి. ఒక్కొక్కప్పుడు ఇటువంటి కిటుకునే ఇంకా లోతైన గణితంతో వాడతాయి. ఆ ముక్కలను వేరువేరు డిస్కులలో, చాలాసార్లు వేరువేరు భవనాలలో ఉంచుతాయి.

తక్కెడలో మొదటి పళ్లెం: లాభాలు

మొదటి లాభం దూరం. ఒక డిస్కు ఏడాదిలో చెడిపోయే అవకాశం 50లో 1 అనుకుందాం. రెండు డిస్కులు ఉంటే రెండూ అదే ఏడాది చెడిపోయే అవకాశం ఎంత? 50ని 50తో గుణించండి. 2,500లో 1. ఎంత తగ్గిందో చూశారా! కానీ ఈ గుణకారానికి ఒక షరతు ఉన్నది. ఒకటి చెడిపోవడానికీ, రెండోది చెడిపోవడానికీ సంబంధం ఉండకూడదు. బల్ల మీద ఒకటి, సొరుగులో ఒకటి ఉంటే బుడమేరు ఆ గుణకారాన్ని ఒప్పుకోదు. రెండింటినీ ఒకేసారి ముంచుతుంది. రెండో నకలు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఇక్కడి వరద అక్కడికి పోదు.

రెండో లాభం అందుబాటు. కొట్టులో రాసిన బిల్లు ఇంట్లోనూ కనబడుతుంది. మూడోది ఖర్చు. పెద్ద యంత్రం కొనక్కరలేదు, వాడుకున్నంత చోటుకే అద్దె. చిన్న వ్యాపారికి ఇది తేలిక. నాలుగోది కాలం. జీఎస్టీ చట్టం ప్రకారం వ్యాపారి తన లెక్కలను, ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. ఆరేళ్లపాటు ఒకే డిస్కును నమ్ముకుని కూర్చోవడం కష్టం.

రెండో పళ్లెం: నష్టాలు

మొదటిది దారి తెగిపోవడం. లెక్కలు భద్రంగా ఉన్నా ఇంటర్నెట్ లేకపోతే అందవు. 2017 ఫిబ్రవరి 28న అమెరికాలో అమెజాన్ ఉద్యోగి ఒకరు కంప్యూటరుకు ఆదేశం ఇస్తూ ఒక చోట పొరపాటుగా టైపు చేశారు. ఆపవలసినవాటికంటే ఎక్కువ కంప్యూటర్లు ఆగిపోయాయి. ఎన్నో సంస్థల వెబ్‌సైట్లు కొన్ని గంటలపాటు పనిచేయలేదు. సమాచారం "పోవడం" వేరు, "అందకపోవడం" వేరు. అయితే కొట్టు ముందు ఖాతాదారు నిలబడి ఉన్నప్పుడు అందకపోవడం కూడా నష్టమే!

రెండోది సమయం. 10 గిగాబైట్ల సమాచారాన్ని సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో పంపాలి. బైటుకు 8 బిట్లు. కాబట్టి 10 × 1000 × 8 = 80,000 మెగాబిట్లు. దీన్ని 20తో భాగిస్తే 4,000 సెకన్లు, అంటే సుమారు 67 నిమిషాలు. అదే 500 గిగాబైట్లయితే రెండు రోజులు దాటుతుంది. అంతే వేగంతో తిరిగి తెచ్చుకోవాలన్నా రెండు రోజులు పైనే.

మూడోది తాళంచెవి. పాస్‌వర్డు దొంగచేతిలో పడితే ఎంత దూరాన దాచినా అతనికి అది గుమ్మం ముందు ఉన్నట్లే. లెక్కలలో ఖాతాదారుల ఫోను నంబర్లు, చిరునామాలు ఉంటాయి. అవి మన సొత్తు కాదు, వారు మనను నమ్మి ఇచ్చినవి. ఇటువంటి వివరాల రక్షణకు మన దేశంలో 2023లో ప్రత్యేక చట్టం చేశారు. గోదాము అద్దెదే అయినా బాధ్యత మనదే.

నాలుగోది గోదాముకే ప్రమాదం రావడం. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ ఒకటి కాలిపోయింది. కొందరి నకళ్లు కూడా అక్కడే ఉండడంతో అవీ పోయాయి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు తమ పని పత్రాలు దాచుకునే వ్యవస్థ అందులో ఉన్నది. సుమారు 858 టెరాబైట్లు! బయట నకలు లేదు. ఆలోచించండి. ఒక దేశ ప్రభుత్వమూ, మన సింగ్‌నగర్ వ్యాపారీ చేసిన పొరపాటు ఒకటే!

అద్దం వేరు, ఫొటో వేరు

ఇంకొక ప్రమాదం ఉన్నది. దీన్ని పెద్దలు కూడా తరచు గుర్తించరు. చాలా క్లౌడ్ సదుపాయాలు మన కంప్యూటరులోని ఫైళ్లను, అక్కడి ఫైళ్లను ఎప్పటికప్పుడు ఒకేలా ఉంచుతాయి. దీనిని సింక్ అంటారు. ఇది అద్దంవంటిది. మన ముఖాన మసి అంటితే అద్దంలోనూ మసి కనబడుతుంది. పొరపాటున ఇక్కడ ఒక ఖాతా చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది. దొంగ ప్రోగ్రాము ఒకటి చొరబడి ఫైళ్లను తెరవరాకుండా మార్చి, డబ్బిస్తేనే తెరుస్తానంటే, ఆ పాడైన ఫైళ్లే అక్కడికీ చేరతాయి.

మనకు కావలసినది ఫొటో. నిరుడు తీసిన ఫొటోలో ఇవాళ్టి మసి ఉండదు. అలాగే ఫలానా తేదీనాటి లెక్కను ఆ తేదీతోనే, తరువాతి మార్పులు అంటకుండా దాచాలి. అదే నిజమైన బ్యాకప్. కొన్ని సదుపాయాలు పాత రూపాలను కొంతకాలం ఉంచుతాయి. ఎంతకాలమో ముందే తెలుసుకోవాలి.

2024 మే నెలలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పింఛను నిధికి ఒక చిత్రమైన కష్టం వచ్చింది. దాని సమాచారం గూగుల్ క్లౌడ్‌లో రెండు వేరువేరు చోట్ల ఉన్నది. అయినా ఒక అమరికలో దొర్లిన పొరపాటువల్ల అక్కడ దానికి కేటాయించిన క్లౌడ్ వ్యవస్థే చెరిగిపోయి, రెండు చోట్లవీ పోయాయి. ఆరు లక్షలకు పైగా సభ్యులు రోజుల తరబడి తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. అయితే వేరొక సంస్థ దగ్గర కూడా నకళ్లు ఉంచుకోవడం వారికి తోడ్పడింది. చూశారా? నకళ్లకు దూరం ఒక్కటే చాలదు. రెండింటి తాళాలూ ఒకే గుత్తికి ఉండకూడదు.

తక్కెడ ఎటు మొగ్గింది?

లారీ కింద స్టెప్నీ టైరు చూసే ఉంటారు. టైరు పంక్చరైతే అది ఆదుకుంటుంది. లారీయే కాలువలో పడితే స్టెప్నీ కూడా కాలువలోనే! ఎందుకంటే అది అదే లారీకి కట్టి ఉన్నది. నకళ్ల సంగతీ ఇంతే. కాబట్టి "క్లౌడ్ మంచిదా, డిస్కు మంచిదా?" అని అడగడం కంటే "ఈ రెండు నకళ్లనూ ఒకే దెబ్బ తీయగల ప్రమాదం ఏమైనా ఉన్నదా?" అని అడగాలి. వరద, నిప్పు, దొంగ, మరచిపోయిన పాస్‌వర్డు, కట్టని అద్దె, మన చేతి పొరపాటు... ఒక్కొక్కదాన్నీ అడిగి చూడాలి.

దీనికి కంప్యూటరు నిపుణులు ఒక తేలిక సూత్రం చెబుతారు: 3-2-1. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలలో, కనీసం ఒకటి వేరే చోట.

నా పూర్వ విద్యార్థి ఇప్పుడు అలాగే చేస్తున్నాడు. కంప్యూటరు మీద ఒక ప్రతి. ఆటోనగర్ కొట్టులో ఎత్తయిన అలమరలో డిస్కు మీద ఒకటి. పని కాగానే ఆ డిస్కును కంప్యూటరు నుంచి ఊడదీస్తాడు. తగిలించని డిస్కులోకి దొంగ ప్రోగ్రాము దూరలేదు కదా! మూడోది క్లౌడ్‌లో, తేదీలవారీగా. క్లౌడ్ ఖాతాకు పాస్‌వర్డుతోపాటు ఫోనులో వచ్చే అంకె కూడా అడిగే ఏర్పాటు చేసుకున్నాడు.

నేను అతనికి ఇంకొకటి కూడా చెప్పాను. నెలకొకసారి ఒక పాత బిల్లును క్లౌడ్‌నుంచీ, డిస్కునుంచీ తిరిగి తెచ్చి తెరిచి చూడమన్నాను. గాలి ఉన్నదో లేదో చూడని స్టెప్నీని నమ్మి దూరప్రయాణం చేసే డ్రైవరు ఉంటాడా? తెరిచి చూడని నకలు కూడా అంతే.

వరదలో పోయిన లెక్కలు మాత్రం అతనికి తిరిగి రాలేదు. క్లౌడ్ నిన్న దాచినదాన్ని రేపు ఇవ్వగలదు. దాచనిదాన్ని ఎవరూ ఇవ్వలేరు.

మీరే చేసి చూడండి

1. ముగ్గురు స్నేహితులతో మూడు చీటీల ఆట ఆడండి. రెండు చీటీలు పోతే ఏమవుతుంది? మూడు అంకెలను దాచి, ఏ ఒక్క చీటీ పోయినా తిరిగి రాబట్టాలంటే ఎన్ని చీటీలు కావాలి?

2. మీ ఇంట్లోవారి ఫోనులోని ఫొటోలకు నకలు ఎక్కడ ఉన్నదో అడగండి. ఫోను పోతే ఆ నకలును తెరవడానికి ఏమి కావాలి? అది కూడా ఆ ఫోనులోనే ఉన్నదా?

3. మీ వీధిలోని ఒక కొట్టుకు వెళ్లి, "మీ లెక్కల పుస్తకం తడిస్తే ఎలా?" అని మర్యాదగా అడగండి. వారి జవాబును మీ తక్కెడలో తూచి, మీ సైన్సు మాస్టారుతో చర్చించండి.