తూటా ఇంట్లో నింపుకుంటే మిగిలేదెంత?

ప్రశ్న: అమెరికాలో షూటింగ్ రేంజ్‌కు వెళ్లేవాళ్లలో చాలామంది కాల్చిన తూటాలను తిరిగి నింపుకుంటారు. దానివల్ల నిజంగా డబ్బు మిగులుతుందా?

జవాబు: తూటా పేలాక ఖర్చయిపోయేవి మూడు: గుండు, పౌడరు, ఆ పౌడరును అంటించే ప్రైమరు. ఇత్తడి గుల్ల మాత్రం మిగులుతుంది, తూటా ఖరీదులో దాని వాటా తక్కువేమీ కాదు. ఆ గుల్లను ఏరుకుని, శుభ్రం చేసి, కొలతకు తెచ్చి, మిగతా మూడూ కొత్తవి అమర్చడమే రీలోడింగ్. ఎంత మిగులుతుందన్నది కాల్చే తూటా రకాన్ని బట్టి ఉంటుంది.

బాగా అమ్ముడుపోయే 9 ఎం.ఎం. పిస్తోలు తూటాతో లెక్క మొదలుపెట్టవచ్చు. పౌడరును పౌండ్లలో అమ్ముతారు, గ్రెయిన్లలో తూస్తారు. పౌండుకు 7,000 గ్రెయిన్లు. ఈ తూటాకు సుమారు 5 గ్రెయిన్లు పడుతుందనుకుంటే పౌండు పౌడరు 1,400 తూటాలకు వస్తుంది. డబ్బా 35 డాలర్లయితే తూటాకు పడేది రెండున్నర సెంట్లు. వెయ్యి ప్రైమర్ల పెట్టె 80 డాలర్లయితే ఒక్కోటి 8 సెంట్లు. గుండుకు మరో 10, 11 సెంట్లు. గుల్ల ఏరుకున్నదే కాబట్టి దానికి ఖర్చు లేదు. అంతా కలిపి 21 సెంట్లు. దుకాణంలో 50 తూటాల పెట్టె 13 డాలర్లకు దొరికితే ఒక్కోటి 26 సెంట్లు. అంటే వంద తూటాలు కూర్చుని నింపితే మిగిలేది 5 డాలర్లు! తూటాలు నింపే యంత్రం (ప్రెస్సు) ఖరీదు, గంటల తరబడి చేసే పని కలుపుకుంటే ఇది గిట్టుబాటు బేరం కాదు.

దూరపు గురి పోటీల్లో వాడే 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్ తూటా దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. దానికి 40 గ్రెయిన్ల పైచిలుకు పౌడరు కావాలి. పౌండు 50 డాలర్లకు కొన్నా తూటాకు 30 సెంట్ల లోపే. పోటీ స్థాయి గుండు 50 సెంట్లు, ప్రైమరు 8 సెంట్లు. డాలరు పెట్టి కొన్న మేలైన గుల్లను పదిసార్లు వాడితే విడతకు 10 సెంట్లు. మొత్తం డాలరుకు కాస్త అటూ ఇటూ. అదే నాణ్యత ఉన్న ఫ్యాక్టరీ తూటాలు 20 ఉన్న పెట్టె 35 నుంచి 40 డాలర్లు పలికితే ఒక్కోటి రెండు డాలర్ల దాకా పడుతుంది. ఇక్కడ దాదాపు సగం మిగులుతోంది. పైగా ఇంట్లో నింపిన తూటా సొంత రైఫిల్‌కు అమరేలా తయారైనది కనుక గురి కూడా మెరుగవుతుంది. పాతకాలపు, అరుదైన కాలిబర్ల విషయంలో తేడా ఇంకా ఎక్కువ. కొన్నిటికి దుకాణంలో తూటాయే దొరకదు.

పన్ను వైపు నుంచీ కాస్త వెసులుబాటు ఉంది. ఫ్యాక్టరీ తూటాల మీద 11 శాతం ఎక్సైజు పన్ను పడుతుంది. విడిగా అమ్మే గుండు, పౌడరు, ప్రైమర్లకు అది వర్తించదు. అయితే ప్రెస్సు, డైలు, త్రాసు, కొలత పరికరాలు కలిపి మొదట్లోనే కొన్ని వందల డాలర్లు అవుతాయి. వేగంగా నింపే ప్రోగ్రెసివ్ ప్రెస్సు కావాలంటే వెయ్యి దాటుతుంది. ఇక అనుభవజ్ఞులు సరదాగా అనే మాట ఒకటుంది: రీలోడింగ్‌తో డబ్బు మిగలదు, అదే డబ్బుకు ఎక్కువసార్లు కాల్చడం మాత్రం కుదురుతుంది. ఆ మాటలో నిజం లేకపోలేదు.

ప్రశ్న: 2020కి ముందు వెయ్యి ప్రైమర్లు 30 డాలర్లకు దొరికేవి. ఆ ధర మళ్లీ ఎందుకు రావడం లేదు?

జవాబు: చిటికెన వేలి గోరుకన్నా చిన్నదైన ఈ లోహపు గిన్నె దగ్గరే మొత్తం సరఫరా ఇరుక్కుపోతుంది. పౌడరులో ఒక రకం లేకపోతే మరో రకం వాడుకోవచ్చు, గుండులోనూ అంతే. ప్రైమరుకు మాత్రం ప్రత్యామ్నాయం లేదు, ఇంట్లో చేసుకునే వస్తువూ కాదు. అందులో ఉండేది దెబ్బ తగిలితే పేలే రసాయనం. తయారీలో ప్రాణాపాయం ఉంటుంది, అనుమతులు కఠినం, కొత్త లైను పెట్టాలంటే ఏళ్లు పడుతుంది.

అమెరికాలో ఈ పని పెద్ద ఎత్తున చేసే పేర్లు నాలుగే: మిన్నెసోటాలోని ఫెడరల్, ఐడహోలోని సీసీఐ, ఆర్కన్సాలోని రెమింగ్టన్, ఓలిన్ సంస్థకు చెందిన వించెస్టర్. మొదటి మూడూ ఒకే గొడుగు కింద ఉన్నాయి. విస్టా ఔట్‌డోర్ చేతిలో ఉన్న ఆ వ్యాపారాన్ని 2024 నవంబరులో చెక్ దేశపు సీఎస్‌జీ కొనేసింది. అంటే అంత పెద్ద మార్కెట్‌కు దేశంలోని సరఫరా ప్రధానంగా ఇద్దరు యజమానుల చేతుల్లో ఉంది. వీళ్లు తూటాలు కూడా తయారుచేస్తారు. ప్రైమరును తమ తూటాలో పెట్టి అమ్మితే వచ్చే లాభం విడిగా అమ్మితే రాదు. గిరాకీ పెరిగినప్పుడు ముందు సొంత లైన్లకు వేసుకుని, మిగిలినవే బయటికి వదులుతారు. కాబట్టి తూటాల కొరత వచ్చిన ప్రతిసారీ ఇంట్లో నింపుకునేవాళ్లు వరుసలో చివర నిలబడాల్సిందే.

అలాంటి విడతలు ఇటీవల రెండు వచ్చాయి. 2012 డిసెంబరులో శాండీ హుక్ పాఠశాల కాల్పుల తర్వాత కఠిన చట్టాలు వస్తాయన్న భయంతో జనం ఎగబడి కొన్నారు, 2013 అంతా అరలు ఖాళీ. 2020లో కరోనా, వీధి ఆందోళనలు, అధ్యక్ష ఎన్నికలు ఒకేసారి వచ్చిపడ్డాయి. కొత్తగా తుపాకీ కొన్నవాళ్లు లక్షల్లో తేలారు. అదే ఏడాది రెమింగ్టన్ దివాలా తీయడంతో ఆ ప్లాంటు చేతులు మారింది. మారుబేరాల్లో వెయ్యి ప్రైమర్లు వంద డాలర్లు దాటి అమ్ముడుపోయాయి. 2021 సెప్టెంబరు నుంచి రష్యా తూటాల దిగుమతికి అమెరికా కొత్త అనుమతులు ఆపేసింది. మరుసటి ఏడాది మొదలైన ఉక్రెయిన్ యుద్ధం కర్మాగారాలను సైనిక ఆర్డర్ల వైపు తిప్పింది.

ఆ తర్వాత అరలు నిండాయి, ధర మాత్రం పాత చోటికి దిగలేదు. జీతాలు, లోహాలు, రసాయనాలు అన్నీ పెరిగాయి. ప్రైమరు మిశ్రమంలోనూ సీసపు గుండును గట్టిపరచడంలోనూ వాడే యాంటిమొనీ మీద చైనా 2024లో ఎగుమతి ఆంక్షలు పెట్టింది. కొనుగోలుదారు 70, 80 డాలర్లు ఇవ్వడానికి అలవాటుపడ్డాడని అమ్మేవాళ్లకూ తెలుసు. 30 డాలర్ల ధర కోసం కాచుక్కూర్చోవడం వృథా.

ప్రశ్న: కావలసిన పౌడరు నెలల తరబడి దొరకడం లేదు. కారణమేమిటి? దగ్గరి రకం ఏదైనా వాడవచ్చా?

జవాబు: డబ్బా మీది పేరు ఒకరిది, లోపలి సరుకు మరొకరిది కావడం ఈ వ్యాపారంలో మామూలే. కాన్సస్‌లోని హాడ్జ్‌డన్ సంస్థ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం వదిలించుకున్న మిగులు పౌడరు అమ్ముతూ మొదలైంది. తూటాల్లో వాడే పొగలేని పౌడరు విషయంలో దానికి ఇప్పటికీ సొంత తయారీ లేదనే చెప్పాలి. క్రీడ్‌మూర్ వాడేవాళ్లు వెతుక్కునే హెచ్-4350 ఆస్ట్రేలియాలోని ముల్వాలా నుంచి, బాల్ పౌడర్లు ఫ్లోరిడాలోని సెయింట్ మార్క్స్ నుంచి వస్తాయి. విటావూరి పేరుతో వచ్చే పౌడరు ఫిన్లాండుది. ఎక్కడో ఒక ప్లాంటు సైనిక ఆర్డరులో మునిగితే ఇక్కడ ఒక రకం మొత్తంగా కనిపించకుండా పోతుంది.

వీటన్నిటికీ మూలం నైట్రోసెల్యులోజ్. దాన్ని ఎక్కువగా పత్తితో చేస్తారు. జిన్నింగులో దూది తీశాక గింజను అంటిపెట్టుకుని ఉండే పొట్టి నూగు, అంటే లింటరు, దీనికి ముడిసరుకు. ఆదిలాబాద్, గుంటూరు వైపు పత్తి గింజల మిల్లులు చూసినవారికి ఆ నూగు తెలియనిది కాదు. ఐరోపా ఆయుధ కర్మాగారాలు చాలావరకు చైనా లింటరు మీద ఆధారపడి ఉన్నాయి. ఫిరంగి గుండ్లకు గిరాకీ పెరిగేసరికి నైట్రోసెల్యులోజ్‌కు ప్రపంచమంతా కటకట ఏర్పడింది. 2024లో అలయంట్ సంస్థ ఆ కారణం చెప్పే తన పౌడర్ల పంపకాన్ని కొంతకాలం నిలిపివేసింది.

మరో రకానికి మారడం తప్పు కాదు, ఒకదాని కొలతను మరోదానికి వాడడమే ప్రమాదం. పేర్లు ఒకేలా ఉన్నా, గింజ ఒకేలా కనిపించినా మండే వేగం వేరు. తేడా వస్తే తుపాకీ పగిలి చెయ్యి పోవచ్చు. ఏ పౌడరుకు ఆ పౌడరు తయారీదారు ప్రకటించిన కొలతల పట్టికే ప్రమాణం. చీటీ లేని డబ్బాలో, విడిగా కట్టిన పొట్లంలో వచ్చే పౌడరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించింది, చివరికి బిల్లు పెరిగింది. ఎందుకు?

జవాబు: ప్రైమర్లు, పౌడరు ప్రమాదకర సరుకు కింద రోడ్డు మార్గంలోనే రవాణా అవుతాయి. సరుకు ధర, మామూలు రవాణా ఖర్చు కాక ‘హజ్‌మ్యాట్’ రుసుము అదనం. విక్రేతను బట్టి అది 20 డాలర్ల నుంచి 40 దాకా ఉండవచ్చు. ఈ రుసుము పార్శిలుకు పడుతుంది, డబ్బాకు కాదు. ఒక్క పౌండు తెప్పిస్తే పౌడరు ధర దాదాపు రెట్టింపైనట్టే. 8 పౌండ్ల డబ్బా, ప్రైమర్ల పెట్టెలు కలిపి ఒకేసారి తెప్పించుకుంటే ఆ భారం పలచబడుతుంది. ఒకటి రెండు డబ్బాలే కావాలంటే ఊళ్లోని దుకాణమే నయం.

అలాగని గోదాము పెట్టకూడదు. అక్కడి అగ్నిమాపక ప్రమాణాల సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ 495వ నియమావళి ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల దాకా పౌడరు అసలు డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు. అంగుళం మందం చెక్క పెట్టెలో అయితే 50 పౌండ్ల దాకా. ప్రైమర్లకు హద్దు 10,000. స్థానిక నిబంధన, అపార్ట్‌మెంటు ఒప్పందం ఇంతకన్నా కఠినంగా ఉంటే అదే చెల్లుతుంది.

ప్రశ్న: హెచ్-1బీ వీసా మీద ఉన్నవారు ఈ సామగ్రి కొనవచ్చా? తుపాకీ లేకుండా పౌడరు, గుండ్లు మాత్రమే కొంటే?

జవాబు: తెలుగువారిలో చాలామంది పొరపాటుపడే చోటిది. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీగానీ తూటాగానీ కలిగి ఉండరాదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతోంది. అదే చట్టం ‘తూటా సామగ్రి’ అన్న మాటలోకి గుల్ల, ప్రైమరు, గుండు, పౌడరు నాలుగింటినీ చేర్చింది. కాబట్టి విడి భాగాలు కొన్నానన్న వాదన నిలవదు. దుకాణంవాడు అడగకుండా అమ్మినంత మాత్రాన అది సక్రమం కాదు. 2022 సవరణ తర్వాత ఈ నేరానికి శిక్ష 15 ఏళ్ల జైలు వరకు ఉంది, ఆ పైన దేశబహిష్కరణ ముప్పు.

మినహాయింపులు లేకపోలేదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఇచ్చేది వాటిలో ముఖ్యమైనది. రాష్ట్ర చట్టాలు వేరుగా ఉంటాయి కనుక న్యాయవాదిని అడగకుండా దాని మీద ఆధారపడకూడదు. గ్రీన్‌కార్డు చేతికి వచ్చినవారికి ఈ నిషేధం లేదు. దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడడం గ్రీన్‌కార్డుతో సమానం కాదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో లైసెన్సు ఉన్న తుపాకీకి ఇలా నింపుకోవచ్చా? అమెరికా నుంచి వచ్చే బంధువులు సామగ్రి తేవచ్చా?

జవాబు: రెండూ కుదరవు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటా భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా తూటా కిందే లెక్క. తయారీకి వేరే లైసెన్సు కావాలి, తుపాకీ లైసెన్సు దానికి పనికిరాదు. పోటీల షూటర్లకు విదేశీ తూటాలు తెప్పించుకునే మార్గం ఉన్నా అది అనుమతులతో నడిచే వ్యవహారం. పైగా షూటర్ ఈషా సింగ్ పోటీపడే 25 మీటర్ల పిస్తోలు విభాగంలో వాడే .22 రిమ్‌ఫైర్ తూటాను తిరిగి నింపడం ఆచరణలో సాధ్యం కాదు. దానికి విడి ప్రైమరు ఉండదు, పేలుడు రసాయనం గుల్ల అంచులోనే ఉంటుంది.

రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగుతోనే విమానం ఎక్కడం మరో చిక్కు. అడుగున మిగిలిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపిస్తే పోలీసు కేసు దాకా పోతుంది.

ప్రశ్న: కొనడానికి సరైన సమయం ఏది?

జవాబు: ఎవరూ కొననప్పుడు. 2016 ఎన్నికల ముందు ఆంక్షల భయంతో సరుకు పోగేశారు, ఫలితం వేరుగా రావడంతో గిరాకీ పడిపోయి తయారీదారులే రాయితీలు ఇచ్చారు. భయపడి కొన్నవాళ్లు ఎక్కువ ధర పెట్టారు, ఆగినవాళ్లకు అదే సరుకు తక్కువకు వచ్చింది. ఏడాది వాడకానికి సరిపడా ప్రైమర్లు, నచ్చిన ఒకటి రెండు రకాల పౌడరు అరలు నిండుగా ఉన్న నెలల్లో తీసుకుంటే చాలు. నెలకు ఒక పెట్టె 9 ఎం.ఎం. మాత్రమే కాల్చేవారు ప్రెస్సు కొనకపోవడమే లాభం.